పొగ కక్కే కారు, ఆటోనగర్ షెడ్డు
నా 2012 పెట్రోల్ కారు నీలం పొగ కక్కుతూ ఆయిల్ తాగేస్తుంటే అమ్మేద్దామనే అనుకున్నాను, కానీ కొనడానికొచ్చినాయన పొగ చూసి 40 వేలకే అడిగాడు. ఒకచోటేమో ఇంజిన్ దించి బోరు (సిలిండర్ల లోపలి గోడలు మళ్లీ చెక్కడం) చేయించాలన్నారు. చివరికి విజయవాడ ఆటోనగర్‌లో ఓ చిన్న షెడ్డుకి తీసుకెళ్తే, అక్కడి మెకానిక్ "పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడే పొగ ఎక్కువా అండీ?" అని అడిగి, ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టి నాలుగు సిలిండర్లూ చూసి, పిస్టన్ రింగులు బాగున్నాయి, ఆయిల్ సిలిండర్లోకి కారకుండా ఆపే వాల్వ్ సీల్స్ గట్టిపడ్డాయి, అంతే అన్నాడు. 6,500 అయింది, పాత సీల్స్ కూడా చేతిలో పెట్టాడు. చెప్పిన రోజుకి మాత్రం బండి ఇవ్వడు, మూడుసార్లు తిప్పాడు, కూర్చోడానికి కుర్చీ కూడా ఉండదు. ఆర్సీ 15 ఏళ్లు నిండేది 2027లో, అప్పటిదాకా ఇక అమ్మేది లేదు.