చన్నీటి ఈతకు వెట్‌సూట్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

ఆన్‌లైన్లో ‘ట్రయథ్లాన్ వెట్‌సూట్, 5 మిల్లీమీటర్లు, యమమోటో నియోప్రీన్, చన్నీటి ఈతకు ప్రత్యేకం’ అన్న ప్రకటన చూసి డబ్బు కట్టబోతున్నవారు కాస్త ఆగండి. ట్రయథ్లాన్ అంటే ఈత, సైకిల్, పరుగు వరుసగా చేసే పోటీ. వెట్‌సూట్ చన్నీటిలో ఒంటి వేడి పోకుండా వేసుకునే రబ్బరు సూటు, ఆ రబ్బరు పేరే నియోప్రీన్, యమమోటో దాన్ని తయారుచేసే జపాన్ కంపెనీ. అచ్చం అదే వర్ణనతో నాకొక సూటు అమ్మారు. వస్తువు చేతికి వచ్చాక ఆ వర్ణనలో ఒక్క మాటా నిలవలేదు. పోయిన సొమ్ము 18,000 రూపాయలు, పైగా పార్శిల్ ఇంటికి వచ్చాక కట్టించుకున్న కస్టమ్స్ సుంకం అదనం. అమ్మేటప్పుడు ఆ సుంకం మాటే ఎత్తలేదు. కానీ నేను ఇది రాస్తున్నది డబ్బు కోసం మాత్రమే కాదు. ఈ సూటు వేసుకుని చల్లని సముద్రంలో దిగిన మనిషికి ప్రాణం మీదికి వస్తుంది. ఐరోపా పోటీలకు పేర్లు ఇచ్చిన మనవాళ్లు చాలామంది ఇప్పుడు ఇలాంటి సూట్లే వెతుకుతున్నారు.

నేను పేరు ఇచ్చింది బ్రిటన్‌లోని వేల్స్‌లో జరిగే పూర్తి దూరపు ట్రయథ్లాన్, ఐరన్‌మన్ వేల్స్‌కు. 2011లో మొదలైన ఈ పోటీ సెప్టెంబరులో టెన్‌బీ అనే చిన్న సముద్రతీర పట్టణంలో జరుగుతుంది. 3.8 కిలోమీటర్ల ఈత, 180 కిలోమీటర్ల సైకిల్, 42.2 కిలోమీటర్ల పరుగు. నార్త్ బీచ్‌లో రెండు చుట్లు ఈది బయటికి వచ్చాక మెలికలు తిరిగిన ఏటవాలు దారి ఎక్కాలి, ముందే అక్కడ తగిలించి పెట్టుకున్న బూట్లు వేసుకోవాలి, ఊరి మధ్యగా సుమారు కిలోమీటరు పరుగెత్తాలి. అప్పుడు గానీ సైకిల్ చేతికి రాదు. ఆ నెలలో అక్కడి నీళ్లు 16 డిగ్రీల చుట్టుపక్కల ఉంటాయి. హైదరాబాద్ ఈతకొలనుల్లోనో, విశాఖ తీరంలోనో ఈత అలవాటైన శరీరానికి ఇది కొత్త. గోవాలో సగం దూరపు పోటీ పూర్తిచేసిన ధైర్యం కూడా ఇక్కడ అక్కరకు రాదు. అక్కడ సముద్రం గోరువెచ్చగా ఉంటుంది కాబట్టి వెట్‌సూట్ ప్రసక్తే రాదు. అందుకే మనలో ఎక్కువమందికి జీవితంలో మొదటి వెట్‌సూట్ ఇలాంటి చన్నీటి పోటీకే అవసరపడుతుంది. చూసి, తాకి, వేసుకుని కొనే దుకాణం దగ్గర్లో ఉండదు. అమ్మకందారు ధైర్యమంతా అదే.

ట్రయథ్లాన్ సూటు ఎలా ఉండాలో తెలిస్తే నాకు వచ్చినదానిలో తేడా ఎంతో అర్థమవుతుంది. మంచి సూటు బయటి వైపు నున్నగా, రబ్బరులా ఉంటుంది. గుడ్డ పొర లోపలి వైపే ఉంటుంది. ఛాతీ, తొడల దగ్గర 4 నుంచి 5 మిల్లీమీటర్ల మందం ఉండి శరీరాన్ని నీటి పైకి తేలుస్తుంది. భుజాల దగ్గర మాత్రం 2 మిల్లీమీటర్లకు మించకుండా పలచగా ఉంటుంది. ఐరన్‌మన్ నియమాల ప్రకారం ఎక్కడా 5 మిల్లీమీటర్లు దాటకూడదు. నాకు వచ్చినదానికి లోపలా బయటా నైలాన్ గుడ్డే. మందం ఒంటి నిండా ఒకేలా ఉంది, కొలిపిస్తే 3 మిల్లీమీటర్లు. అలల మీద ఆడేవారు, పడవ నడిపేవారు వేసుకునే రకం అది. వాళ్లకు గట్టిదనం ముఖ్యం కాబట్టి రెండు వైపులా గుడ్డ వేస్తారు. ఆ పనికి అది మంచిదే. గంటన్నర పాటు చేతులు తిప్పుతూ ఈదే మనిషికి మాత్రం అది భుజాల మీద బరువు.

అన్నిటికంటే ఘోరం కుట్లు. చన్నీటి సూటులో ముక్కలను ముందు జిగురుతో అతికి, తరువాత సూది ఆ వైపుకు దిగకుండా సగం మందంలోనే కుడతారు. అలా కుడితే నీళ్లు లోపలికి రావు. వెచ్చని నీటి సూట్లలో రెండు అంచులూ పక్కపక్కన పెట్టి, సూది ఇటు నుంచి అటు దిగేలా చదునుగా కుడతారు. ప్రతి సూదిపోటూ ఒక రంధ్రమే. నా సూటు నడుము భాగాన్ని రెండు చేతులతో సాగదీసి ట్యూబులైటు ముందు పట్టుకుంటే కుట్టు పొడవునా చిన్న చిన్న వెలుగు చుక్కలు వరుసగా కనిపించాయి. ఈ పరీక్షకు అర నిమిషం చాలు. చంక కింద, నడుము దగ్గర, కాళ్ల మధ్య కుట్లు ముందు చూడండి. వెలుగు కనిపించిందంటే సూటు ఒంటికి వేసుకోవద్దు, అట్టపెట్టె పారేయవద్దు, వెంటనే వీడియో తీసి పెట్టుకోండి.

ఈ లోపం హైదరాబాద్‌లో బయటపడదు. ఈతకొలనులో వేసుకుని చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది, ఎందుకంటే లోపలికి వచ్చే నీళ్లూ వెచ్చనివే. పైగా వేడి నీటిలో వెట్‌సూట్‌తో ఎక్కువసేపు ఈదితే వడదెబ్బ తగిలినంత ప్రమాదం. ఐరన్‌మన్ పోటీల్లో నీళ్లు 28.8 డిగ్రీలు దాటితే వెట్‌సూట్‌ను నిషేధించేది ఇందుకే. కాబట్టి ‘మీ ఊరి కొలనులో ఒకసారి ఈది చూడండి సార్, నచ్చకపోతే తిరిగి తీసుకుంటాం’ అని అమ్మకందారు అన్నారంటే దాన్ని నమ్మి ఊరుకోవద్దు. ఆ పరీక్షలో ఏ సూటయినా నెగ్గుతుంది. తీరా తిరిగి పంపుతానంటే ‘నీళ్లలో వాడిన వస్తువు, తీసుకోం’ అంటారు. నాకు వచ్చిన జవాబు అక్షరాలా ఇదే.

పోటీకి ముందు టెన్‌బీలో సాధన కోసం సముద్రంలో దిగినప్పుడు చేతులు పదిసార్లు తిప్పేసరికే వీపు మీదుగా చల్లని ధార కిందికి పాకడం తెలిసింది. వెట్‌సూట్ నీళ్లను పూర్తిగా ఆపదు. పలచని నీటి పొరను చర్మానికి, రబ్బరుకు మధ్య పట్టి ఉంచితే ఒంటి వేడికి ఆ పొర వెచ్చబడుతుంది. ఆ నీళ్లు కదలకూడదు. నా సూటులో చేయి ఎత్తిన ప్రతిసారీ పాత నీళ్లు పోయి కొత్త చల్లని నీళ్లు వచ్చాయి. నడుము వంపులో నీళ్లు నిలిచి కాళ్లు కిందికి లాగాయి. మెడ పట్టీ మాత్రం గొంతుకు బిగిసింది. వేలు దూర్చి లాగితే ఊపిరి ఆడుతుంది, వదిలితే మళ్లీ బిగుస్తుంది. పక్కనే కయాక్ అనే చిన్న పడవలో ఉన్న స్థానిక శిక్షకురాలు నన్ను చూసి ఒడ్డుకు తీసుకొచ్చారు.

అక్కడ ఆమె చెప్పిన విషయాలు, తరువాత నేను చదివినవి కలిపి చెబుతాను, ఎందుకంటే సూటు ఎంపికలో జాగ్రత్త ఎందుకో వీటివల్లే తెలుస్తుంది. చన్నీటిలో హఠాత్తుగా మునిగినప్పుడు మన ప్రమేయం లేకుండానే పెద్ద ఊపిరి ఒకటి లోపలికి లాగుతాం. ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆ వెంటనే ఊపిరి, గుండె వేగం అదుపు తప్పుతాయి. బ్రిటన్‌లోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్ అనే శాస్త్రవేత్త దశాబ్దాలుగా దీని మీదే పరిశోధన చేశారు. ఈ ఉద్ధృతి మొదటి అర నిమిషంలో పతాక స్థాయికి చేరి ఒకటి రెండు నిమిషాల్లో తగ్గుతుంది. ఆ రెండు నిమిషాలు తేలుతూ ఓపిక పట్టాలి, తరువాత ఈదాలి. మెడ బిగిసిన సూటు ఆ రెండు నిమిషాల్లోనే గొంతు పట్టుకుంటుంది.

ఇంకొకటి, మన శిక్షణ బృందాల్లో దాదాపు ఎవరూ ప్రస్తావించనిది: ఈదుతుండగానే ఊపిరితిత్తుల్లో నీరు ఊరడం. చలికి చేతులు కాళ్లలోని రక్తనాళాలు ముడుచుకుని రక్తం ఛాతీ వైపు చేరుతుంది. దాని మీద బిగుతు సూటు ఒత్తిడి కూడా తోడైతే ప్రమాదం పెరుగుతుంది. ఆయాసం తగ్గకపోవడం, ఛాతీలో గురగుర, దగ్గితే గులాబీరంగు నురగ రావడం దీని గుర్తులు. అలా అనిపిస్తే పోటీ గురించి ఆలోచించకుండా వెల్లకిలా తిరిగి చేయి ఎత్తండి. అమెరికాలో 1985 నుంచి 2016 వరకు ట్రయథ్లాన్లలో జరిగిన మరణాలు, గుండె ఆగిన ఘటనలు 135 నమోదైతే వాటిలో 90 ఈతలోనే జరిగాయని 2017లో వచ్చిన అధ్యయనం చెబుతోంది. అవన్నీ సూటు వల్లనో, చలి వల్లనో జరిగాయని నేను అనడం లేదు. ఈ పోటీలో మనిషి అతి సన్నని అంచు మీద ఉండే భాగం ఈతేనని మాత్రం గట్టిగా అంటున్నాను. అక్కడ వాడే వస్తువును అబద్ధం చెప్పి అమ్మడం క్షమించరానిది.

చివరికి అక్కడి దుకాణంలో సూటు అద్దెకు తీసుకుని పోటీ పూర్తిచేశాను. కొత్తగా చన్నీటి పోటీకి వెళ్లేవారికి నా మొదటి సలహా కూడా అదే. ఐరోపాలో పెద్ద పోటీలు జరిగే చోట్ల వెట్‌సూట్లు అద్దెకు దొరుకుతాయి. మీ ఎత్తు, బరువు, ఛాతీ కొలత పంపి ముందే కేటాయించుకోండి, పోటీకి కనీసం రెండు మూడు రోజుల ముందు చేరి అదే సూటుతో సముద్రంలో దిగండి. కొనే తీరాలంటే కొలతలు టీషర్టు సైజులో అడిగే అమ్మకందారు దగ్గర కొనవద్దు. నన్ను ‘ఎమ్మా, ఎల్లా?’ అని మాత్రమే అడిగారు. సరైన కొలతల పట్టికలో ఎత్తు, బరువు, ఛాతీ, నడుము అన్నీ ఉంటాయి.

వేసుకుని చూసేటప్పుడు తొందర వద్దు. ఏసీ గదిలో, గోళ్లు కత్తిరించుకుని, పాదాలకు పలచని ప్లాస్టిక్ సంచి తొడుక్కుంటే కాళ్లు సులువుగా జారుతాయి. కాళ్ల మధ్య ఖాళీ మిగలకుండా పైకి లాగాలి, ఆ తరువాతే చంకల దాకా సర్దాలి. పొడిగా ఉన్నప్పుడు బిగుతుగా ఉండటం సహజం, నీళ్లలో కాస్త వదులవుతుంది. కానీ గుటక వేస్తే మెడ దగ్గర అడ్డుపడితే ఆ సూటు మీది కాదు. చేయి నిటారుగా ఎత్తితే తొడ దాకా లాగినట్టయితే అది పొట్టి. నడుము వెనక గుప్పెడు రబ్బరు చేతికి వస్తే అది వదులు. చీలమండ దగ్గర అంచు ఎంత సాగుతుందో కూడా చూడండి, ఎందుకంటే తడి కాళ్ల మీద నుంచి దాన్ని నిమిషంలో విప్పాలి. నాకు అమ్మినదాన్ని విప్పడానికి ఇద్దరు మనుషులు కావలసి వచ్చింది.

అదే అమ్మకందారు ‘చన్నీటి కిట్’ అంటూ చేతి తొడుగులు కూడా అంటగట్టారు. ట్రయథ్లాన్ ఈతలో చేతి తొడుగులను నియమాలు సాధారణంగా ఒప్పుకోవు. పాదాల తొడుగుల సంగతి నీటి ఉష్ణోగ్రతను బట్టి ఉంటుంది. మీ పోటీ నియమాల పుస్తకం చదవకుండా వీటి మీద రూపాయి పెట్టకండి. నియోప్రీన్ టోపీ మాత్రం నిజంగా పనికొస్తుంది, పోటీవాళ్లు ఇచ్చే టోపీ కింద వేసుకోవచ్చు. మెడ ఒరుసుకోకుండా పెట్రోలియం జెల్లీ పూయమని కూడా ఆ అమ్మకందారు చెప్పారు. అది నియోప్రీన్‌ను పాడు చేస్తుంది, సూటు తయారీదారులే వద్దంటారు.

చలికి శరీరాన్ని అలవాటు చేయడం ఏ సూటూ చేయలేని పని. డబ్బు పెట్టకుండా ఇంట్లో చేసుకోగలిగిందీ అదే. పెద్ద టబ్బులో ఐసు వేసి 15 డిగ్రీలకు తెచ్చి రెండు మూడు నిమిషాలు మెడ దాకా కూర్చోవడం ఐదారు సార్లు చేస్తే ఆ మొదటి ఉలికిపాటు బాగా తగ్గుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. ఒంటరిగా ఎప్పుడూ చేయవద్దు. గుండె జబ్బు, బీపీ ఉన్నవారు డాక్టరును అడగకుండా అసలే చేయవద్దు. ముఖం ముంచి నెమ్మదిగా ఊపిరి వదలడం విడిగా సాధన చేయండి.

ఇక డబ్బు సంగతి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువును తిరిగి తీసుకోనని అమ్మకందారు అనకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. నా ఫిర్యాదుకు జవాబు లేకపోవడంతో జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేశాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు కేసులకు అక్కడ రుసుము లేదు. యూపీఐలో పంపిన డబ్బు వెనక్కి రప్పించడం కష్టం, క్రెడిట్ కార్డుతో కడితే బ్యాంకులో అభ్యంతరం నమోదు చేసే దారి ఉంటుంది. ఇదే రకం సూటు ఇప్పటికే మీ చేతికి వచ్చి ఉంటే ప్రకటన పేజీ ఫోటో ఈరోజే తీసి దాచండి. నా ఫిర్యాదు వెళ్లిన వారానికే ఆ పేజీలో ‘5 మిల్లీమీటర్లు’ అన్న మాట మాయమైంది.