కరెంటు ఆదా పెట్టెలతో జాగ్రత్త! పంచాయతీ ఆఫీసుల వాళ్లు కొనేముందు ఇది చదవండి

గుంటూరు చుట్టుపక్కల పంచాయతీ ఆఫీసులకు వచ్చి కరెంటు ఆదా చేసే పెట్టె అని ఒకటి అమ్ముతున్నారు. మెయిన్ బోర్డు దగ్గర తగిలిస్తే బిల్లు 30 శాతం తగ్గుతుందట. మా ఆఫీసులోనూ బిగించి వెళ్లారు. ఒక్క యూనిట్ తగ్గలేదు. ఇంటిపన్ను కట్టిన జనం డబ్బు ఇలా పోతుంటే కడుపు మండుతోంది.

వాళ్ల డెమో మాత్రం గట్టిగా ఉంటుంది. చిన్న మోటారు ఒకటి ఆన్ చేసి, వైరులో ఎంత కరెంటు పారుతోందో ఆంపియర్లలో చూపే క్లాంప్ మీటర్ పెడతారు. పెట్టె ఆన్ చేయగానే ఆంపియర్లు బాగా పడిపోతాయి. ఆ అంకె నిజమే, అందుకే అందరూ నమ్ముతారు. మా పెట్టె విప్పితే లోపల ఉన్నది ఒక కెపాసిటర్, వెలగడానికి చిన్న లైటు, అంతే. కెపాసిటర్ పెడితే మోటారు లైను నుంచి లాగే ఆంపియర్లు తగ్గుతాయి. మీటరు తిరిగేది మాత్రం ఖర్చయిన కిలోవాట్ అవర్ల (మామూలు యూనిట్ల) మీద, అవి తగ్గవు. పొలం మోటార్లకు కెపాసిటర్ పెట్టుకోమనేది లైను మీద లోడు తగ్గి ఓల్టేజీ నిలబడాలని. లైను నుంచి లాగే ఆంపియర్లు కూడా లెక్కలోకి వచ్చే కేవీఏహెచ్ పద్ధతిలో బిల్లు కట్టే పెద్ద కనెక్షన్ల సంగతి వేరు. మన ఆఫీసు బిల్లులో యూనిట్లు ఏ లెక్కన వేశారో ముందు చూసుకోండి.

ఇంకో మాయ బిల్లులతో చేస్తారు. ఎండాకాలం చివర్లో బిగించి, మే నెల బిల్లు పక్కన ఆగస్టు బిల్లు పెట్టి చూపిస్తారు. మన గుంటూరు ఎండలకు మేలో ఏసీ ఆపుతామా? వానలు పడ్డాక బిల్లు ఎలాగూ తగ్గుతుంది. పోల్చాలంటే నిరుటి అదే నెలతో, అదీ రూపాయలు కాదు, యూనిట్లు.

కొనమని ఎవరైనా ఒత్తిడి చేస్తే అక్కడే పరీక్ష పెట్టండి. మీటరు మీద మినుకుమనే ఎర్ర లైటు వాడకాన్ని బట్టే మినుకుతుంది. అవే ఫ్యాన్లు, అవే లైట్లు వేసి ఉంచి పది నిమిషాలు పెట్టెతో, పది నిమిషాలు పెట్టె లేకుండా లెక్కపెట్టించండి. మా దగ్గర రెండుసార్లూ ఒకటే వచ్చింది. స్టార్ లేబుల్ ఉందని జిరాక్స్ కాగితం చూపిస్తే అసలు నమ్మొద్దు. కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్లు ఫ్యాన్లకు, ఏసీలకు, ఎల్‌ఈడీ బల్బులకు ఉంటాయి, ఇలాంటి పెట్టెలకు ఉండవు.

ఆ డబ్బుతో పాత ఫ్యాన్లు మార్చండి. 75 వాట్ల ఫ్యాన్ బదులు తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెడితే, పది ఫ్యాన్లు రోజుకు 8 గంటల చొప్పున 25 రోజులు తిరిగినా నెలకు 90 యూనిట్లు మిగులుతాయి. చోకు ఉన్న పాత ట్యూబులైట్లు తీసి ఎల్‌ఈడీ వేసినా లాభమే.

వాళ్లకు ఇవ్వాల్సిన మిగతా సగం డబ్బు ఆపేయించాం. ఫోన్ ఎత్తడం లేదు. ఇప్పుడు తెనాలి వైపు తిరుగుతున్నారని విన్నాం. ఆ వైపు సర్పంచ్‌లు, కార్యదర్శులు ఎవరైనా తెలిస్తే దయచేసి ఇవాళే చెప్పండి. ఇళ్లకు కొని మోసపోయినవాళ్లు బిల్లు, రసీదు దగ్గర పెట్టుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి.