అష్టాచమ్మా గవ్వలా, క్యారమ్ బోర్డా?

చెన్నై పెరంబూరులో మా ఇంట్లో వేసవి సెలవులొస్తే రెండే ఆటలు. మధ్యాహ్నం అమ్మమ్మతో అష్టాచమ్మా, సాయంత్రం మావయ్యలతో క్యారమ్స్.

అష్టాచమ్మాకు కొనాల్సిందేమీ లేదు. గచ్చు మీద సుద్దముక్కతో 25 గళ్లు, నాలుగు గవ్వలు, పావులకు చింతగింజలు, గాజుముక్కలు. నాలుగూ వెల్లకిలా పడితే చమ్మా, అంటే నాలుగు; నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే ఎనిమిది. రెండింటికీ మళ్లీ వేసే ఛాన్సుంది. అవతలివాళ్ల పావును ఒక్కటైనా చంపందే లోపలి గళ్లలోకి పోనిచ్చేవాళ్లు కాదు. అమ్మమ్మ గవ్వల్ని గుప్పిట్లో గలగలలాడించి, చెయ్యి నేలకు తాకేంత కిందికి దించి వదిలేది. పండిన పావును తీసి ఒళ్లో వేసుకునేది.

క్యారమ్ సంగతి వేరు. డబ్బు కావాలి, చోటు కావాలి, బోరిక్ పౌడర్ కావాలి. గవ్వల్లో సగం అదృష్టం, ఇక్కడంతా వేలి పనితనమే. అంతర్జాతీయ క్యారమ్ సమాఖ్య 1988లో పుట్టింది చెన్నైలోనే. 1991, 1995లలో ప్రపంచ ఛాంపియన్ అయిన మరియా ఇరుదయం ఈ ఊరివారే. రెడ్‌తో పాటు దాని వెంటే వెయ్యాల్సిన ఫాలో కాయిన్ కూడా పడ్డప్పుడు మావయ్యలు వేసిన కేక నాకింకా వినిపిస్తూనే ఉంది.

అయినా మా ఫ్లాట్‌లో పిల్లలకు ముందు నేర్పింది గవ్వలాటే. క్యారమ్‌లో ఏడేళ్ల పిల్ల పదిహేనేళ్ల అన్న మీద గెలవలేదు, ఇందులో రోజూ గెలుస్తోంది. ఆడేది అమ్మమ్మ గవ్వలతోనే. వాటిలో ఒకటి అంచు అరిగిపోయి, ఎప్పుడు వేసినా దాదాపు బోర్లాయే పడుతుంది.