గ్లేసియర్ పార్కులో ఒక్క రోజు: సొంత కారా, ఎర్ర బస్సా, బ్లాక్‌ఫీట్ గైడా?

వేసవిలో ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చిన మిత్రులు మోంటానా ప్రయాణం గురించి అడిగేది ఒక్కటే: గ్లేసియర్ నేషనల్ పార్కులో గడిపే ఒక్క రోజూ మన కారులో తిరగడం మేలా, గైడు ఉన్న బస్సెక్కడం మేలా? కిందటి జూలైలో మా తల్లిదండ్రులను తీసుకువెళ్ళే ముందు నేనూ ఇదే తర్జనభర్జన పడ్డాను.

ఒక్క రోజే ఉన్నప్పుడు చూడవలసింది గోయింగ్-టు-ద-సన్ రోడ్డునే. 1932లో పూర్తయిన ఈ 80 కిలోమీటర్ల దారి మెక్‌డొనాల్డ్ సరస్సు ఒడ్డున సాగి, కొండ నడుమును పట్టుకుని ఎక్కి, 2,025 మీటర్ల ఎత్తున లోగన్ పాస్ అనే కనుమ దాటి, సెయింట్ మేరీ సరస్సు వైపు దిగుతుంది. పడమటి నుంచి ఎక్కేవారు లోయ అంచున వెళ్ళాలి. తూర్పు నుంచి వచ్చేవారికి రాతిగోడ పక్కనే ఉంటుంది. ఎత్తంటే కళ్ళు తిరిగే పెద్దవారు వెంట ఉన్నప్పుడు ఇది చిన్న విషయం కాదు.

సొంత కారులో ఉన్న గొప్ప సౌకర్యం కాలం మన చేతిలో ఉండటం. లోగన్ పాస్ దగ్గర హిడెన్ లేక్ కనిపించే చోటికి రానూపోనూ నాలుగున్నర కిలోమీటర్ల నడక ఉంది. బస్సు యాత్రలలో అక్కడ ఆగే కొద్ది సమయంలో అది కుదరదు. కానీ నడిపేవారి చూపు రోడ్డు మీద నుంచి కదలడానికి వీల్లేదు, పైగా లోగన్ పాస్ పార్కింగ్ పొద్దున్నే నిండిపోతుంది.

నా దృష్టిలో అసలు తేల్చే అంశం వేరే ఉంది. పేరును బట్టి రోడ్డు పక్కనే గ్లేసియర్లు, అంటే హిమానీనదాలు కనిపిస్తాయనుకుని వెళ్ళేవారు నిరాశపడతారు. 2015 నాటి కొలతల ప్రకారం హిమానీనదంగా లెక్కకు వచ్చేంత పెద్దవి ఇక్కడ 26 మాత్రమే మిగిలాయి. రోడ్డు మీద నుంచి కనిపించే కొద్దిపాటి వాటిలో ఒకటైన జాక్సన్ గ్లేసియర్ కూడా దూరంగా తెల్లని మరకలా ఉంటుంది. ఏది నిరుడు పడిన మంచో, ఏది హిమానీనదమో, ఈ లోయలను ఒకప్పుడు మంచు ఎలా చెక్కిందో వేలు పెట్టి చూపేవారు లేకపోతే మనం చూసేది అందమైన కొండలను మాత్రమే.

చూపేవారు రెండు రకాలు. 1930లలో తయారై, మరమ్మతుల తరువాత 2002లో మళ్ళీ రోడ్డెక్కిన ఎర్ర బస్సులలో పదిహేడు మంది కూర్చోవచ్చు. పైనున్న క్యాన్వాసు కప్పును చుట్టేస్తే తలెత్తగానే శిఖరాలు కనిపిస్తాయి. డ్రైవర్లను ఇప్పటికీ జామర్లనే పిలుస్తారు. పాత బస్సుల గేర్లు మొరాయిస్తూ చేసిన గోల వల్ల వచ్చిన పేరది. అయితే చలిగాలి నేరుగా తగులుతుంది, ఎక్కడానికి మెట్టు కాస్త ఎత్తు.

రెండో రకం, సన్ టూర్స్ అనే సంస్థవి పెద్ద కిటికీలున్న మామూలు బస్సులు, గైడ్లు మాత్రం ఇక్కడి ఆదివాసులైన బ్లాక్‌ఫీట్ తెగవారు. పార్కు తూర్పు భాగం ఆ తెగ 1895లో అమెరికా ప్రభుత్వానికి అప్పగించిన నేల. తమ పూర్వులు ప్రపంచానికి వెన్నెముకగా చెప్పుకున్న కొండలను ఆ ఇంటివారే పరిచయం చేస్తుంటే, మెడ తిప్పకుండా విన్న మా నాన్న ఫొటోల సంగతే మరిచిపోయారు. పెద్దవారితో వెళ్ళేవారికి నేను ఇదే చెబుతాను. భార్యాభర్తలిద్దరే అయితే, ఆకాశం నిర్మలంగా ఉన్న రోజున ఎర్ర బస్సును కాదనలేను.

పార్కు షటిల్ నడకదారులు పట్టేవారికి పనికొస్తుంది గాని, వివరించేవారు ఉండరు. గైడు ఉన్న ఏ బస్సుకైనా టికెట్టు ముందే కొనుక్కోవాలి. పార్కు ప్రవేశ రుసుము అందులో కలవదు. లోగన్ పాస్ మీదుగా దారి సాధారణంగా జూన్ చివరికి గాని జూలైకి గాని తెరుచుకుంటుంది కనుక, పెద్దవారి ప్రయాణం మేలో పెట్టుకుంటే ఈ పోలికతోనే పని ఉండదు.