అనంతపురంలో వెబ్‌సైట్ చేయించుకునేవాళ్ళు బాకీ డబ్బు ఇచ్చేముందు ఇది చదవండి

మాది అనంతపురంలో చెక్క గానుగ నూనె కొట్టు. శెనక్కాయ నూనె, నువ్వుల నూనె, కుసుమ నూనె ఆడిస్తాం. బెంగళూరులో ఉన్న మనవాళ్ళు పండగలకు వచ్చినప్పుడు క్యాన్లు పట్టుకుపోతారు, "కొరియర్ చేయకూడదా అన్నా" అని అడుగుతుంటారు. వాళ్ళ కోసమని వెబ్‌సైట్ పని ఊళ్ళోనే ఒకాయనకు అప్పజెప్పాను. పేరు రాయను. ఇట్లా చేసేది ఆయనొక్కడే కాదని తర్వాత నలుగురు చెప్పారు.

మొత్తం 28,000. అందులో "ప్రీమియం థీమ్" అని 6,000 బిల్లులో విడిగా రాశాడు. థీమ్ అంటే సైటు రూపాన్ని ముందే తయారుచేసి ఉంచిన ఫైళ్ళ కట్ట. 26,000 ఇచ్చేశాను. సైట్లు తయారుచేసే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌లో చేశాడు. కంప్యూటర్‌లో చూస్తే ముచ్చటగానే ఉంది. ఫోన్‌లో మాత్రం "చెక్క గానుగ" కాస్తా "చెక గానుగ" అయింది. కింది వత్తు తెగిపోయింది. "నువ్వుల"కూ అదే గతి. అడిగితే "తెలుగు ఫాంట్‌లు అంతే అన్నా" అన్నాడు. నేను నమ్మాను. మా ఆవిడ నమ్మలేదు, "పేపర్ల వాళ్ళ సైట్లలో తెలుగు బాగానే వస్తోంది కదా" అంది.

నాలుగో నెలలో ఒక పొద్దున ఫోన్ తీస్తే సైటు నాది కాదనిపించింది. రంగులు లేవు, గానుగ బొమ్మ ఇంత పెద్దదై పేజీ అంతా కూర్చుంది, ఆర్డర్ బటన్ ఎక్కడో కింద. దసరా ముందర ఇది. ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు. ఫోన్ చేస్తే "మీరేదో కెలికారు, మళ్ళీ చేయాలంటే 12,000 అవుతుంది" అన్నాడు.

నేనేం కెలికాను? ధరలు మార్చడం తప్ప నాకేమీ రాదు.

పక్కింటి అమ్మాయి జేఎన్‌టీయూలో బీటెక్ చదువుతోంది. హోస్టింగ్, అంటే సైటు ఫైళ్ళు ఉండే చోటు, నా పేరు మీద, నా కార్డుతో కొన్నాను కాబట్టి అందులోంచి ఫైళ్ళు తెరిచి చూసింది. అదొక్కటీ నేను చేసిన తెలివైన పని, అదీ అనుకోకుండా చేసిందే.

ఆమె చెప్పింది నాకర్థమైనంత వరకు రాస్తాను. రంగులు, అక్షరాల సైజు, ఖాళీలు అన్నీ స్టైల్‌షీట్ అనే ఫైలులో ఉంటాయి. థీమ్‌తో పాటు వచ్చిన ఆ ఫైలులోనే ఈయన నేరుగా తన మార్పులు రాశాడు. థీమ్‌కు కొత్త వెర్షన్ వస్తే వర్డ్‌ప్రెస్ పాత ఫోల్డర్ తీసేసి కొత్తది పెడుతుంది. రాసిందంతా దాంతోపాటే పోతుంది. అందుకే చైల్డ్ థీమ్ అని వేరే ఫోల్డర్ చేసుకుని మార్పులు అందులో పెట్టుకోవాలట. దాని స్టైల్‌షీట్ మొదట్లో "టెంప్లేట్" అని ఒక లైను, అందులో అసలు థీమ్ ఫోల్డర్ పేరు ఉంటుంది. ఇక అసలు థీమ్‌కు ఎన్ని కొత్త వెర్షన్లు వచ్చినా మనం రాసింది పోదు. పది నిమిషాల పని అంది. నాలుగు రంగులే మార్చాలంటే అదీ అక్కర్లేదు, సైటు రూపం మార్చుకునే కస్టమైజర్ అనే పేజీలో "అడిషనల్ సీఎస్ఎస్" అని స్టైల్ లైన్లు రాసుకునే పెట్టె ఉంటుంది. అందులో రాసింది థీమ్ ఫోల్డర్‌లో కాక డేటాబేస్‌లో ఉంటుంది కాబట్టి అప్‌డేట్‌కు పోదు.

నేను కెలికానన్న మాట సంగతి. నాకిచ్చిన లాగిన్ "ఎడిటర్". ఆ లాగిన్‌కు థీమ్‌ల మెనూనే కనబడదు, అప్‌డేట్ నొక్కడం కుదరనే కుదరదు. ఆటో అప్‌డేట్ ఆన్ చేసి పెట్టింది ఆయనే. అప్‌డేట్ అయినప్పుడు వర్డ్‌ప్రెస్ ఒక మెయిల్ పంపుతుంది, అది వెళ్ళేదీ ఆయన అడ్రసుకే. అంటే నాకన్నా ముందే తెలిసుండాలి.

ప్రీమియం థీమ్ అన్నది వర్డ్‌ప్రెస్ వాళ్ళ సొంత డైరెక్టరీలో ఎవరికైనా ఉచితంగా దొరికేదే. ఉచిత థీమ్ వాడటం తప్పు కాదు, వాడి కూలి తీసుకోవడమూ తప్పు కాదు. కొన్నానని 6,000 బిల్లు వేయడమే నాకు కడుపుమంట.

వత్తుల సంగతి వింటే నవ్వొచ్చింది. శీర్షికలకు లైన్ హైట్ (ఒక వరుసకు ఇచ్చే ఎత్తు, అక్షరం సైజుకు ఎన్ని రెట్లో) 1 అని, పెట్టె దాటింది కనబడకూడదని రాశాడు. ఇంగ్లీషు అక్షరాలు అందులో ఇరుక్కుని సరిపోతాయి. మన వత్తులకు కింద చోటు కావాలి కదా! ఆ అమ్మాయి 1.7 చేసి, కోసే లైను తీసేసింది. "చెక్క" మళ్ళీ చెక్కయింది.

హోస్టింగ్ వాళ్ళ దగ్గర పాత బ్యాకప్ దొరికింది కాబట్టి బతికిపోయాం. అందులోని స్టైల్‌షీట్‌ను థీమ్ అసలు ఫైలుతో పోల్చి చూస్తే ఆయన రాసినవి 70 లైన్లు. వాటిని చైల్డ్ థీమ్‌లో పెడితే సాయంత్రానికి సైటు నిలబడింది. ఆ పిల్ల డబ్బు తీసుకోలేదు, రెండు లీటర్ల నువ్వుల నూనె ఇచ్చాను.

కాబట్టి మీరెవరైనా సైటు చేయించుకుంటే చివరి డబ్బు ఇచ్చేముందు ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని థీమ్ అప్‌డేట్ నొక్కమనండి, సైటు చెదురుతుందేమో చూడండి. అప్‌డేట్ లేకపోతే చైల్డ్ థీమ్ ఫోల్డర్ తెరిచి ఆ టెంప్లేట్ లైను చూపించమనండి. అన్నీ మార్చగలిగే అడ్మినిస్ట్రేటర్ లాగిన్ మీ చేతికి రావాలి, అడ్మిన్ మెయిల్ మీదై ఉండాలి, డొమైన్ (సైటు అడ్రసు), హోస్టింగ్ మీ పేరు మీదే కొనండి. "అవన్నీ మీకెందుకన్నా, నేను చూసుకుంటా" అంటే అక్కడే లేచి వచ్చేయండి. ఫోన్‌లో ఒత్తులున్న మాటలు కూడా ఒకసారి చదువుకోండి.

మిగిలిన 2,000 ఎప్పుడిస్తారని ఆయన మొన్న కూడా మెసేజ్ పెట్టాడు. ఆ థీమ్ కొన్న రసీదు పంపితే అప్పుడే వేస్తానని జవాబిచ్చాను. చూసినట్టు నీలం టిక్కులు పడ్డాయి, రసీదు మాత్రం రాలేదు.