కడపలో ఒక ట్రావెల్స్ సింగపూర్ ప్యాకేజీ: వీసా దాకా బాగుంది, బస దారుణం

కడపలో ఒక ట్రావెల్స్ ద్వారా అమ్మానాన్నలను సింగపూర్ తీసుకెళ్ళొచ్చాను. వీసా, చెన్నై నుంచి విమానం టికెట్లు, చెన్నై దాకా కారు, వీటికి వంక పెట్టను, అన్నీ టయానికి చేతికిచ్చారు. 5కి 1 ఇస్తున్నది బస విషయానికి, ఆ తర్వాత వాళ్ళు మాట్లాడిన తీరుకి.

మాకు చెప్పింది లిటిల్ ఇండియా దగ్గర సర్వీస్ అపార్ట్‌మెంట్ అని, వంటగది ఉంటుంది, పెద్దోళ్ళకు కావాల్సింది వండిపెట్టుకోవచ్చు అని. బయల్దేరే ముందు రాత్రి వాట్సాప్‌లో అడ్రస్ వచ్చింది, దాని కింద ఇంకో మెసేజ్: తాళంచెవి పోస్టు డబ్బాలో ఉంటుంది, సెక్యూరిటీ అడిగితే ఓనర్ ఫ్రెండ్స్ అని చెప్పండి. ఇదేందన్నా అని ట్రావెల్స్ అతనికి ఫోన్ చేస్తే "అక్కడ అంతా అంతేలేన్నా, నువ్వేం టెన్షన్ పడొద్దు" అన్నాడు.

రాత్రి విమానం, నాలుగు గంటల పైచిలుకు ప్రయాణం, అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు ముందు, దిగేసరికి తెల్లవారింది. చాంగీ ఎయిర్‌పోర్టు నుంచి ట్యాక్సీలో పోతే అది సంసారాలుండే కాండో, అంటే ప్రైవేటు అపార్ట్‌మెంట్ల సముదాయం. గేటు దగ్గరున్న తమిళ పెద్దాయన మా సూట్‌కేసులు చూసి ఎన్ని రోజులుంటారని అడిగాడు. నాన్న వచ్చీరాని తమిళంలో, ఉన్నది ఉన్నట్టు, కొద్దిరోజులేనని చెప్పారు. ఆయన లోపలికి పంపడం కుదరదన్నాడు, కోపంగా కాదు, బాధగానే.

సింగపూర్‌లో ప్రైవేటు ఇళ్ళను 3 నెలలకు తక్కువగా అద్దెకివ్వడం నేరం, ప్రభుత్వం కట్టించిన హెచ్‌డీబీ ఫ్లాట్లకైతే కనీసం 6 నెలలు. 2018లో ఇలా ఇచ్చిన ఇద్దరికి కోర్టు చెరో 60,000 సింగపూర్ డాలర్ల జరిమానా వేసింది. ఊరు చూడ్డానికి పోయేవాళ్ళకు ఇది తెలియకపోవచ్చు, టూర్లు అమ్మేవాళ్ళకు తెలియదంటే ఎట్లా నమ్మాలి? తెలుసు కాబట్టే ఫ్రెండ్స్ అని చెప్పమన్నారు. దీనికంటే నాకు ఎక్కువ భయమేసిన సంగతి ఇంకోటుంది. అక్కడ దిగేముందు నింపాల్సిన ఎస్‌జీ అరైవల్ కార్డులో ఎక్కడ ఉండబోతున్నామో రాయాలి, అందులో వీళ్ళు మా పేర్ల మీద ఆ కాండో అడ్రసే నింపి పెట్టారు. ఇమిగ్రేషన్ కౌంటర్లో ఎవరైనా అమ్మను గుచ్చి గుచ్చి అడిగుంటే ఆమె ఏం చెప్పుకునేది?

ట్రావెల్స్ అతనికి ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయింది. మన దగ్గర ఇంకా తెల్లవారుజామే కదా, నిద్రలో ఉన్నాడేమో అనుకుని మెసేజ్ పెట్టాను. కాసేపటికి నీలం టిక్కులు పడ్డాయి, జవాబు రాలేదు. మళ్ళీ చేస్తే స్విచ్ఛాఫ్. అమ్మ షుగర్ మనిషి, ఆ ఉక్కలో ఫుట్‌పాత్ మీద సూట్‌కేసుపైనే కూర్చుండిపోయింది. ఆ సెక్యూరిటీ పెద్దాయనే తన కుర్చీ తెచ్చి వేసి, నీళ్ళిచ్చి, సెరంగూన్ రోడ్డుకు పోతే హోటళ్ళుంటాయని చెప్పాడు. ఆయన మేలు మర్చిపోలేను.

అక్కడ ఒక చిన్న హోటల్లో గది దొరికింది గానీ మధ్యాహ్నం 3 గంటల దాకా ఇవ్వలేమన్నారు. సామాన్లు మాత్రం పెట్టుకున్నారు, రూపాయి అడగలేదు. ఇడ్లీ తిని, అదే రోడ్డులోని శ్రీనివాస పెరుమాళ్ గుడిలో మధ్యాహ్నం తలుపులు మూసేదాకా కూర్చున్నాం. దేవుని కడపలో కూర్చున్నట్టే ఉందిరా అని అమ్మ అప్పుడు కొంచెం తేరుకుంది. గదికి కిటికీ లేదు, వంటగది మాట ఎత్తక్కర్లేదు, ప్యాకేజీలో బసకు కట్టిన దానికి రెండింతలు అయింది.

తిరిగొచ్చి ఆఫీసుకు పోతే అతనన్న మాట: "ఫ్రెండ్స్ అని చెప్పుంటే పంపేవాళ్ళు కదన్నా." డెబ్బై దాటిన మనిషి పరాయి దేశంలో అబద్ధమాడలేదని తప్పు మామీదే వేశాడు. రసీదులో ప్యాకేజీ అని ఒక్క ముక్క తప్ప ఎక్కడ బసో రాసి లేదు. మీరెవరైనా ఇట్లాంటి ప్యాకేజీ తీసుకుంటే హోటల్ పేరు, బుకింగ్ నంబరు రసీదు మీదే రాయించుకోండి, డబ్బు కట్టకముందే ఆ హోటల్‌కు మీరే ఫోన్ చేసి కనుక్కోండి. ఫ్రెండ్స్ అని చెప్పండి అన్న మాట వినబడితే అక్కడే లేచి వచ్చేయండి.

బస డబ్బు వెనక్కి ఇవ్వకుండా, మలేషియా ట్రిప్పులో తగ్గిస్తానంటున్నాడు. నాకు ట్రిప్పు వద్దు, డబ్బే కావాలి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. ఆ వాట్సాప్ మెసేజులన్నీ ప్రింట్లు తీసి పెట్టుకున్నాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కూ వెళ్తున్నాను, 5 లక్షల లోపు కేసుకు అక్కడ ఫీజు కూడా లేదు.