తంపానూర్ ఇండియన్ కాఫీ హౌస్: లారీ బేకర్ చుట్టుమేడలో కట్‌లెట్, కాఫీ

శబరి ఎక్స్‌ప్రెస్‌లో తిరువనంతపురం సెంట్రల్‌కి చేరి స్టేషన్ బయటికొస్తే ఎదురుగా కేఎస్ఆర్టీసీ బస్టాండు కనిపిస్తుంది. దాని పక్కనే ధాన్యపు గాదెలా గుండ్రంగా, ఎర్రగా, ఒంటినిండా చిన్న చిన్న కంతలతో ఒక కట్టడం ఉంటుంది. అదే తంపానూర్ ఇండియన్ కాఫీ హౌస్. పద్మనాభస్వామి దర్శనానికో, కన్యాకుమారి బస్సు కోసమో ఇక్కడ దిగినవాళ్లు లగేజీ హడావుడిలో దాన్ని చూడకుండానే దాటిపోయే అవకాశం ఎక్కువ. తిండికి మామూలు మార్కులు, కాఫీకి ఇంకాస్త తక్కువ. భవనానికి మాత్రం నూటికి తొంభై ఇవ్వొచ్చు. మిగతా పది ఎందుకు కోసేయాలో కింద చెబుతాం.

ఇందులో అంతస్తులు లేవు. గుమ్మం దాటగానే ఒకే వాలుబాట మొదలై, మధ్యలో ఉన్న గుండ్రటి గదిని చుట్టుకుంటూ పైదాకా పోతుంది. చేతులు కడుక్కునే చోటు, మరుగుదొడ్లు వగైరా ఆ మధ్య భాగంలోనే. బయటి గోడ వెంట బల్లలు, వాటికి లోపలివైపు నడిచే దారి. బల్లలూ బెంచీలూ గోడతోపాటే కట్టేసినవి, జరపడానికి కుదరదు. గుండ్రటి గదిలో చతురస్రపు సామాను పెడితే వెనక మూలలన్నీ వృథా అవుతాయి కదా, కూర్చునే చోటునీ మేస్త్రీ చేతే కట్టించేస్తే ఆ బెడద లేదు. కుర్చీలు కొనే ఖర్చు, విరిగితే మార్చే ఖర్చు కూడా లేవు.

గుండ్రంగా ఎందుకన్నదానికి లెక్క సులువు. వంద చదరపు మీటర్ల చోటును చతురస్రంగా మూయాలంటే 40 మీటర్ల గోడ కావాలి, వృత్తంగా మూస్తే 35.4 మీటర్లు చాలు. అంటే పదకొండు శాతానికి పైగా గోడ మిగిలినట్టే. పైగా వంపు తిరిగిన గోడ తనంతట తానే బిగువుగా నిలబడుతుంది, తిన్నటి గోడకు కావలసినన్ని ఆసరాలు దీనికి అక్కర్లేదు. ఇరుకు స్థలంలో, బస్టాండు రద్దీ పక్కన, తక్కువ డబ్బుతో ఎక్కువ బల్లలు వేయాలన్న సమస్యకు ఇంతకన్నా చవకైన జవాబు దొరకడం కష్టం.

ఒక బల్ల దగ్గర ఆగి కిందికి చూడండి. బాట వాలుగా పోతుంటుంది, కానీ కప్పులో కాఫీ ఒక పక్కకి ఒరగదు. ఒక్కో బల్లకూ దాని బెంచీలకూ కలిపి సమతలంగా చిన్న అరుగు కట్టారు. వాలు పక్కన సమతలం వచ్చినచోట మధ్యలో త్రికోణపు అంచు తేలక తప్పదు: అరుగు పైచివర బాటతో దాదాపు కలిసిపోతుంది, కిందిచివర మెట్టంత ఎత్తు ఉంటుంది. కూర్చునేటప్పుడు ఎవరూ దీన్ని పట్టించుకోరు, లేచేటప్పుడే కాలు తడబడుతుంది. పిల్లలతో వెళ్తే వాళ్లని బల్ల పైచివర నుంచే దించండి.

ఇక కంతలు. బయటి గోడలో వరస తప్పకుండా ఇటుకలకు మధ్య సందులు వదిలారు. దీన్నే జాలీ గోడ అంటారు. వరసలు కూడా బాట వాలునే అనుసరించి ఏటవాలుగా పైకి పోతాయి, అందుకే బయటినుంచి చూసినా లోపలి మెలిక తెలిసిపోతుంది. ఒక్క పెద్ద కిటికీ పెడితే ఎండ ఒకే బల్ల మీద పడి మిగతా చోటంతా చీకటిగా ఉంటుంది. అదే వెలుతురును వంద కంతల్లోంచి రానిస్తే కళ్లకు గుచ్చుకోకుండా అంతటా పరుచుకుంటుంది. గాలి అన్ని వైపులనుంచీ చొరబడుతుంది. తలుపులు, చట్రాలు, అద్దాలు, గొళ్లేలు ఏవీ అక్కర్లేదు. గోడ మందం వల్ల మామూలు వాన లోపలికి రాదు, ఈదురువాన పడితే మాత్రం గోడవైపు కూర్చున్నవాళ్ల మోచేతులు తడుస్తాయి. కంతల అడుగున దుమ్ము పేరుకోవడం ఈ పద్ధతికి పుట్టుకతో వచ్చిన జబ్బు. రోజూ బ్రష్షు వేయకపోతే బూజు పట్టేస్తుంది.

దీన్ని గీసిన లారీ బేకర్ 1917లో ఇంగ్లాండులోని బర్మింగ్‌హామ్‌లో పుట్టారు, అక్కడే ఆర్కిటెక్చర్ చదివారు. యుద్ధాన్ని వ్యతిరేకించే క్వేకర్ అనే క్రైస్తవ శాఖకు చెందిన శాంతివాది కావడంతో రెండో ప్రపంచ యుద్ధంలో తుపాకీ పట్టకుండా వైద్య సేవాదళంతో చైనా వెళ్లారు. తిరుగు ప్రయాణంలో ఓడ కోసం బొంబాయిలో ఆగినప్పుడు గాంధీజీని కలిశారు. ఇల్లు కట్టే సామాను అయిదు మైళ్ల లోపు దొరికేదై ఉండాలన్న గాంధీజీ మాటను జీవితాంతం తలుచుకునేవారు. 1945లో కుష్ఠు రోగుల సేవాసంస్థకు ఆర్కిటెక్టుగా ఇండియాకి వచ్చారు. అదే సంస్థలో హైదరాబాద్‌లో డాక్టరుగా పనిచేసిన ఎలిజబెత్ జేకబ్‌ను 1948లో పెళ్లి చేసుకున్నారు. తర్వాత హిమాలయాల్లోని పిథోరాగఢ్‌లో దాదాపు పదహారేళ్లు ఉన్నారు. అక్కడి కొండవాళ్లు రాయి, మట్టి, కలపతో కట్టే తీరు చూశాక, తాను కాలేజీలో నేర్చింది ఇక్కడ పనికిరాదని ఆయనకు అర్థమైంది. 1963లో కేరళలోని వాగమణ్‌కూ, ఆ దశాబ్దం చివర్లో తిరువనంతపురానికీ మారారు.

అంటే బేకర్‌కు పేరు తెచ్చిన పనంతా దాదాపు యాభై దాటాక చేసిందే. ముప్ఫై ఏళ్లకే పేరు రాలేదని దిగులుపడే కుర్ర ఆర్కిటెక్టులు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. ఆర్థికవేత్త కె.ఎన్. రాజ్ అడిగితే నగరంలోని ఉళ్ళూర్‌లో సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అనే పరిశోధన సంస్థకు ప్రాంగణం కట్టారు. చెట్లు కొట్టకుండా, కొండవాలును చదును చేయకుండా గోడలనే వంచుకుంటూ పోయారు. అప్పటి ముఖ్యమంత్రి అచ్యుత మీనన్ ప్రోత్సాహం ఉండేది. 1985లో బేకర్ భాగస్వామిగా, తక్కువ ఖర్చు ఇళ్లు కట్టే కోస్ట్‌ఫోర్డ్ సంస్థ మొదలైంది, 1990లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది, 2007 ఏప్రిల్ 1న కన్నుమూశారు. ఆయన పనితీరు మన కార్పొరేట్ ఆఫీసులకు తిరగేసి ఉండేది. కట్టల కొద్దీ ప్లాన్లు ఉండేవి కావు, వాడిపారేసిన కవర్ల వెనక గీసేసి, సైటులో మేస్త్రీల పక్కన నిలబడి అక్కడికక్కడ మార్చేవారు. డ్రాయింగుకూ పనికీ మధ్య మనిషి లేకపోవడమే ఇలాంటి మెలికల భవనం సాధ్యపడటానికి కారణం.

తిండి విషయానికొస్తే, ఇది కార్మికుల సహకార సంఘం హోటల్. ప్రభుత్వ కాఫీ బోర్డు తన కాఫీ హౌసులు మూసేసినప్పుడు కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ పూనుకుని ఉద్యోగులతోనే సంఘాలు పెట్టించారు. 1957లో బెంగళూరులో మొదటిది పుట్టింది, మరుసటేడాది త్రిశూర్‌లో కేరళ మొదటి కాఫీ హౌస్ తెరిచారు. తెల్ల బట్టలు, నడుముకు వెడల్పాటి పట్టీ, కుచ్చు విచ్చుకున్న తలపాగాతో సర్వర్లు వస్తారు. మసాలా దోశ విప్పితే లోపల ఎర్రటి బీట్‌రూట్ కూర ఉంటుంది, కాస్త తియ్యగానే ఉంటుంది. అల్లం చట్నీ, కారప్పొడి ఎదురుచూస్తే నిరాశే. కట్‌లెట్ మంచిది: పైన కరకర, లోపల మెత్తన, పక్కన ఉల్లిపాయ ముక్కలు. మాంసం తినేవాళ్లు మటన్ కట్‌లెట్‌కే వెళ్లండి. కాఫీ డబరా గ్లాసులో కాదు, పింగాణీ కప్పులో వస్తుంది. చిక్కటి డికాక్షన్ నురగకు అలవాటైన నాలుకకు పలచగా అనిపిస్తుంది. ధరలు స్టేషన్ చుట్టుపక్కల హోటళ్లతో పోలిస్తే తక్కువ.

పైకి ఎక్కేకొద్దీ రద్దీ, చప్పుడు తగ్గుతాయి. కానీ ప్రతి ప్లేటూ ఆ వాలుబాట మీద మోసుకురావలసిందే కాబట్టి దోశ తినాలనుకుంటే మొదటి చుట్టులోనే కూర్చోండి. కాఫీ, ఆమ్లెట్, కబుర్లకైతే పైకి పోవచ్చు.

ఇప్పుడు కోసిన పది మార్కులు. మెలిక బాటలో లోపలి అంచు ఎప్పుడూ బయటి అంచుకన్నా నిటారుగా ఉంటుంది, ఎందుకంటే అదే ఎత్తును తక్కువ దూరంలో ఎక్కాలి. లెక్కకోసం ఒక చుట్టుకు 2.4 మీటర్ల ఎత్తు అనుకోండి (ఈ భవనం కొలత కాదు). కేంద్రం నుంచి 2 మీటర్ల దూరంలో నడిస్తే 12.6 మీటర్ల దారి, అంటే 1:5 వాలు (అయిదు మీటర్ల నడకకు మీటరు ఎత్తు). 4 మీటర్ల దూరంలో నడిస్తే 25 మీటర్ల దారి, వాలు 1:10 దగ్గర. చక్రాల కుర్చీకి 1:12 మించకూడదు. ఇక్కడ బల్లలు సుఖమైన బయటి భాగాన్ని తీసుకుని, నడకను నిటారు లోపలి భాగానికి నెట్టాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు కిందనే చోటు అడగండి. నలుగురికి మించిన కుటుంబం రెండు బల్లలకు విడిపోవాల్సిందే. భారీ మనుషులకు బెంచీకీ బల్లకూ మధ్య ఇరుకు. చక్రాల సూట్‌కేసు నిలబెట్టి వదిలితే తనంతట తనే కిందికి బయల్దేరుతుంది. పక్కకు పడుకోబెట్టండి, లేదా స్టేషన్ క్లోక్‌రూములో పెట్టి రండి.

ఇది చూసి మనూళ్లో ఇల్లు ఇలాగే కట్టించుకోవాలనుకునేవాళ్లకు ఒక హెచ్చరిక. తిరువనంతపురంలో ఎండ ముప్ఫై మూడు, ముప్ఫై నాలుగు డిగ్రీల దగ్గర ఆగుతుంది, బాధంతా ఉక్కతో. ఉక్కకు గాలి కదలికే మందు, అందుకే జాలీ పనిచేస్తుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం వీచేది వడగాలి, అక్కడ కంతల గోడ పెడితే పొయ్యిని ఇంట్లోకి పిలిచినట్టే. అలాంటిచోట జాలీని వరండాకూ, మెట్లదారికీ, వంటింటి పైభాగానికీ పరిమితం చేసి, ఉండే గదులకు బేకర్ వాడిన మరో పద్ధతి ర్యాట్ ట్రాప్ గోడ తీసుకోవడం మేలు. ఇటుకల్ని పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, నడుమ బోలు వదిలి తొమ్మిది అంగుళాల గోడ కడతారు. ఇటుకల్లో దాదాపు పాతిక శాతం ఆదా, లోపలి గాలి వేడిని అడ్డుకుంటుంది. దీనికి అంచులు సరిగ్గా ఉన్న, ఒకే కొలత ఇటుకలు కావాలి. వంకర ఇటుకలైతే బోలులోకి మాలు పడి ఉద్దేశమే పోతుంది. కరెంటు పైపులు, కుళాయి పైపులు ఎక్కడ వస్తాయో గోడ లేవకముందే తేల్చుకోండి, తర్వాత గోడ తొలిస్తే అక్కడ బలం ఉండదు. జాలీ పెట్టినచోట దోమల వల లోపలివైపు, విప్పి కడుక్కునేలా చట్రానికి బిగించాలి. మేస్త్రీ ఎంత అనుభవమున్నవాడైనా ముందు ఆరడుగుల నమూనా గోడ కట్టించి, ఇటుకలూ సిమెంటూ ఎన్ని పట్టాయో లెక్క రాసుకున్నాకే పని ఒప్పుకోండి.